సిస్టరమ్మ అమ్మిన పొడి

సిస్టరమ్మ పోయిందన్న సంగతి నాకు చేపలమ్మే మనిషి చెప్పింది. ఏలూరులో మా గుమ్మం ముందు కూర్చుని కొరమేనుకు బూడిద రాస్తూ, "మన సిస్టరమ్మగారు పోయారంటండి. మొన్న మంగళవారం. చర్చి వాళ్ళే మట్టి చేశారంట" అంది. ఆమెదీ నేను పుట్టిన లంకే, కొల్లేటి నడుమ. ఆమె పిల్లలిద్దరూ సిస్టరమ్మ చేతుల మీద పుట్టినవాళ్ళే.

"మనూరి నుంచి ఎవరన్నా వెళ్ళారా?" అన్నాను.

"ఎవరెళ్తారండి, ఆవిడ చేసిన పనికి" అని చేపను రెండో వైపుకి తిప్పింది.

కత్తిపీట తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయాను. ఆవిడ చేసిన పనిలో ఆవిడ పాలెంతో, నా పాలెంతో ఆ మనిషికి తెలియదు. మా లంకలో ఎవరికీ తెలియదు.

ఆవిడ అసలు పేరు రాయను. మా లంకల్లో ఆ పేరు పెట్టుకున్న ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. గొడవ జరిగాక వాళ్ళ తల్లులు ఆ పేరు మానేసి ముద్దుపేర్లతో పిలవడం మొదలుపెట్టారు. కొందరికి ఆ ముద్దుపేర్లే రేషన్ కార్డులకు కూడా ఎక్కాయి.

ఏలూరు మిషను ఆసుపత్రి నుంచి వారానికి రెండుసార్లు మా లంకకు వచ్చేది. సన్నగా, పొడుగ్గా, తెల్లచీరలో, కుడిచేతికి మగవాళ్ళ వాచీతో పడవ దిగేది. ఎవరితో మాట్లాడినా మణికట్టు పట్టుకుని మాట్లాడేది. నాడి చూస్తోందో, ప్రేమగా పట్టుకుందో తెలిసేది కాదు. అందరినీ 'మీరు' అనేది. పెద్దవాళ్ళనే కాదు, పుట్టని పిల్లల్ని కూడా. నొప్పులు పడుతున్న మనిషి పొట్ట మీద చెయ్యేసి, "రండి బాబూ, రండి. మీ అమ్మగారు అలిసిపోయారు. ఇంకెంతసేపు కూర్చుంటారండి లోపల?" అని బతిమాలేది.

మనుషుల్ని వాళ్ళు పుట్టిన తీరును బట్టి గుర్తుపెట్టుకునేది. పాతికేళ్ళ మగాడు పంచాయితీలో ఎగిరిపడుతుంటే పక్కనుంచి వెళ్తూ, "మీరు పేగు మెడకేసుకుని వచ్చారు కదండీ. ఆ రోజు ఊపిరి తీయించడానికి నాకు చెమటలు పట్టాయి. ఇప్పుడు ఇలా అరుస్తున్నారా?" అనేది. అంతమందిలో వాడు నీరుగారిపోయేవాడు. నన్నయితే ఎప్పుడు చూసినా ఒకటే మాట: "మీరు కాళ్ళతో వచ్చారండి. రెండు రోజులు ఏడిపించారు మీ అమ్మగారిని."

ఏ ఇంటికి వెళ్ళినా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. అందుకని మా లంకలో ప్రతి ఇంట్లో ఆవిడ కోసం ఒక సబ్బుముక్క కాగితంలో చుట్టి చూరులో పెట్టి ఉంచేవాళ్ళు. ఇంట్లో వాళ్ళు బట్టల సోడాతో ఒళ్ళు రుద్దుకున్నా ఆ సబ్బు ముట్టుకునేవాళ్ళు కాదు. ఒకసారి ఒకడు, పెళ్ళాం పురిటినొప్పులు పడుతుంటే పడవ తీయనని పేకాడుతూ కూర్చున్నాడు. ఈవిడ వెళ్ళి వాళ్ళ మధ్య వంగి ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుంది. "కాన్పయ్యాక ఇచ్చేస్తానండి" అంది. నిజంగానే, ఆడపిల్ల పుట్టాక, యాభై రెండు ముక్కలూ లెక్కపెట్టి మరీ ఇచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మేమిద్దరం అమ్ముకున్నది దీన్నే.

ఆ మిషను ఆసుపత్రిలో కాన్పుల వార్డు మూసేశారు. ఆవిడకు ఒక శాలువా కప్పి, గోడగడియారం చేతికిచ్చి పంపించారు. పెన్షను లేదు. మా వీధి చివర ఒక గది అద్దెకు తీసుకుంది. నేనప్పటికి పెళ్ళయి ఏలూరు వచ్చి, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతున్నాను. మా ఆయన తివాచీల షెడ్డులో పనిచేసేవాడు. సిస్టరమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి నా మిషను పక్కన స్టూలు మీద కూర్చునేది. కుట్టించుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఊరికే గుడ్డముక్కలు ఏరి రంగుల వారీగా కట్టలు కట్టేది. ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో చేరింది గానీ పది రోజుల్లో మానేసింది. అక్కడ ఇరవై రెండేళ్ళ అమ్మాయి, "సర్టిఫికెట్ లేకుండా మీరు వార్డులోకి రాకూడదు ఆంటీ, బాత్రూములు చూసుకోండి" అందట.

"తప్పు లేదండి. ఆ అమ్మాయి చదువుకుంది" అంది సిస్టరమ్మ. అంటూ ఎర్రముక్కలూ నీలంముక్కలూ ఒకే కట్టలో కట్టేసింది.

అది రెండువేల ఏడు. అంతకు ముందటేడు ప్రభుత్వం వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మా లంకలో మగవాళ్ళు పనుల కోసం దెందులూరు వైపు, ఉంగుటూరు వైపు పొలాలకు కూలికి పోతున్నారు. చెరువుల్లో వాటాలున్న వాళ్ళు కూడా.

ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ చేతిలో పొడి డబ్బాతో వచ్చింది. చీరకు చిన్న బ్యాడ్జీ ఉంది. "అమ్మాయిగారూ, ఒక్క పది నిమిషాలు మిషను ఆపండి" అని, నా సుద్దముక్క తీసుకుని కత్తిరించే బల్ల మీద ఒక సున్నా చుట్టింది. దాని కింద రెండు, వాటి కింద నాలుగు.

"ఇది మీరండి. ఇది మీ ఎడమకాలు, ఇది కుడికాలు. రెండు వైపులా ఇద్దర్ని చేర్పిస్తే చాలండి. వాళ్ళు మరో ఇద్దర్ని. ఇంట్లో కూర్చునే ఆదాయం."

"నేను కాళ్ళతోనే పుట్టానుగా సిస్టరమ్మా" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. అంతకు ముందయితే నవ్వేది.

ఆ ఆదివారం నన్ను తాడేపల్లిగూడెం తీసుకెళ్ళింది. ఆదివారం ఆవిడ చర్చి మానడం నేను చూడటం అదే మొదటిసారి. పాసింజరు బండిలో భీమడోలు, పూళ్ళ దాటేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఫంక్షన్ హాలు నిండా జనం. టీచర్లు, రైసుమిల్లు గుమాస్తాలు, పాస్టరుగార్ల భార్యలు, చీరల కొట్టు వాళ్ళు. వేదిక మీద ఒకాయన అంత ఉక్కలోనూ కోటు, టై వేసుకుని, "ఎలా ఉన్నారు?" అని అరిచేవాడు. అందరూ లేచి "అద్భుతం!" అని అరవాలి. సిస్టరమ్మ కూడా అరిచింది. అందరూ అనేశాక ఆవిడ గొంతొక్కటే మిగిలి వినిపించేది.

ఆ పొడి దేనికైనా పనిచేస్తుందన్నాడాయన. బీపీ, షుగరు, కీళ్ళనొప్పులు. "ఆరు వారాలు వాడండి. బిళ్ళల డబ్బా తీసుకెళ్ళి కాలవలో పారేయండి" అన్నాడు. అని, సిస్టరమ్మను పైకి పిలిచాడు. "ఈ తల్లి చేతుల మీద ఎన్ని ప్రాణాలు భూమ్మీదకొచ్చాయో తెలుసా? ఈమె మన కుటుంబంలో చేరింది!" అన్నాడు. హాలు మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాచీ పట్టుకుని నిలబడింది. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

తిరుగు బండిలో నేను అడిగాను. "సిస్టరమ్మా, నిజంగా బిళ్ళలు మానేయొచ్చా?"

నా మణికట్టు పట్టుకుంది.

"పొడి పొడేనండి. బిళ్ళ బిళ్ళేనండి. బిళ్ళ మానమని మీరు మటుకు ఎవరికీ చెప్పకండి."

"మరి ఆయన అంతమందిలో చెప్తుంటే మీరు పక్కనే ఉన్నారుగా?"

"ఆయన చదువుకున్నాయనండి. నేనేం చెప్తాను?" అని, సంచిలోంచి తన బీపీ బిళ్ళ తీసి సీసాలో నీళ్ళతో మింగింది. సంచిలో పొడి డబ్బా సీలు కూడా విప్పకుండా ఉంది. నేను దానివైపు చూడటం చూసి, "మీకు తెలీదండి. ముప్ఫయ్యేళ్ళలో నా కోసం ఒక్క మనిషి లేచి నిలబడలేదు" అంది.

ఆవిడకు తెలుసు. తెలిసీ అమ్మింది. ఆ ముక్క రైలు పెట్టెలో నాకొక్కదానికి చెప్పింది గానీ వేదిక మీద చెప్పలేదు, లంకలో ఏ గుమ్మంలోనూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. అయితే నాకూ ఆ రోజునుంచి తెలుసు. నా మీద నాకున్న కోపం సంగతి ఎవరితో చెప్పుకోను?

లంకకు వెళ్ళడం మొదలుపెట్టాం. ఆటోలో గట్టు దాకా, అక్కణ్ణుంచి పడవ. ఆవిడ పడవ దిగేసరికి ఆడవాళ్ళు ఎదురొచ్చి సంచి అందుకునేవాళ్ళు. ఆసుపత్రి మానేశాక ఆవిడ మళ్ళీ వస్తుందనుకోలేదు వాళ్ళు. చూరులోంచి సబ్బుముక్కలు తీశారు. ఆవిడ మోచేతుల దాకా కడుక్కుని, ఇంటావిడ మణికట్టు పట్టుకుని, "మీ మంచికే వచ్చానండి" అనేది. అంతే. మిగతాదంతా నేనే చెప్పేదాన్ని. ఆవిడ అబద్ధం ఆడాల్సిన పనే పడలేదు. గుమ్మంలో ఆవిడ నిలబడితే చాలు, అడిగేవాళ్ళు లేరు. కోళ్ళు అమ్మి చేరినవాళ్ళున్నారు. చెవులవి తాకట్టు పెట్టి చేరినవాళ్ళున్నారు. చెరువులు పోయాక ఇంట్లో రూపాయి ఆడని ఆడవాళ్ళు, నెలనెలా చెక్కు వస్తుందంటే ముఖాలు ఎలా వెలిగేవో నేను చూశాను. ఆ వెలుగు చూసి నాకు ఇంకా ఉత్సాహం వచ్చేది.

నేను బాగా మాట్లాడటం నేర్చుకున్నాను. టై ఆయన మాటలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి, "ఎలా ఉన్నారు?" దగ్గర్నుంచి. సిస్టరమ్మ ఒక్కోసారి నావైపు వింతగా చూసేది. మొదటి చెక్కుతో నా కుట్టుమిషనుకు మోటారు పెట్టించాను. ఇక కాలితో తొక్కే పని లేదు.

లంకలో మా పిన్ని ఉంది. మా అమ్మ చెల్లెలు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోతే, తనకు పిల్లలు పుట్టకపోయినా నన్ను చూసుకుని సరిపెట్టుకున్న మనిషి. ఆమెకు షుగరు. ఏలూరు నుంచి బిళ్ళలు నేనే పంపేదాన్ని, డబ్బు మాత్రం పట్టుబట్టి తనే ఇచ్చేది.

ఆ నెల చివర్లో నా కుడికాలు వైపు ఒక్క డబ్బా తక్కువైంది. అది పడితే వెండి బ్యాడ్జీ. మర్నాడు తాడేపల్లిగూడెం వేదిక మీదకు నన్నూ పిలుస్తారు. పిన్ని దగ్గర కూర్చున్నాను. సిస్టరమ్మ పక్కింట్లో ఉంది, అక్కడి చంటిపిల్లకు బొడ్డు దగ్గర చీము పడితే చూస్తోంది.

పిన్ని డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. "రెండూ కొనలేనే అమ్మడూ. ఇది కొంటే బిళ్ళలు మానాలి. మానొచ్చా?"

"మానెయ్యి పిన్నీ. ఆరు వారాలు వాడితే ఇక బిళ్ళలే అక్కర్లేదంట."

"సిస్టరమ్మగారు చెప్పారా?"

"ఆ, సిస్టరమ్మే చెప్పింది."

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నా నోట్లోంచి. పిన్ని లేచి బియ్యం డబ్బాలోంచి డబ్బు తీసిచ్చింది. మర్నాడు నన్ను వేదిక మీదకు పిలిచారు. హాలంతా లేచి నిలబడింది. చాలా బావుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా బావుంది.

మూడు నెలలు తిరిగేసరికి పిన్ని కాలికి బురదలో నత్తగుల్ల గీసుకుంది. చిన్న గీత. అది మానలేదు. వాచి, నల్లబడి, వాసన రావడం మొదలైంది. కబురు తెలిసి సిస్టరమ్మ, నేను కలిసి వెళ్ళాం. ఆవిడ పుండు కడుగుతుంటే నేను పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను.

"బిళ్ళలు సరిగ్గా వేసుకుంటున్నారా అమ్మా?" అంది సిస్టరమ్మ.

పిన్ని తెల్లబోయింది. "అదేంటండి. మీరే కదా మానమన్నారు?"

సిస్టరమ్మ చెయ్యి ఆగింది. తలెత్తి నావైపు చూసింది. నేను పళ్ళెంలో నీళ్ళ వైపు చూస్తున్నాను. ఆవిడ మళ్ళీ వంగి కట్టు కట్టింది. "ఇవాళ్టి నుంచి మళ్ళీ వేసుకోండమ్మా. రేపే ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్దాం" అంది. లేచి మళ్ళీ మోచేతుల దాకా కడుక్కుంది.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో నేను ఇటు చివర, ఆవిడ అటు చివర కూర్చున్నాం.

పెద్దాసుపత్రిలో పిన్ని కాలు మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత రెండు నెలలు సిస్టరమ్మ రోజూ లంకకు వెళ్ళి కట్టు మార్చింది. ఆటోకూ పడవకూ చేతిలో ఉన్నదంతా అయిపోతే వాచీ అమ్మేసింది. కానీ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ రెండు నెలల్లో మొదటి నెలంతా, పిన్నికి కట్టు మార్చి చేతులు కడుక్కుని, పొడి డబ్బా పట్టుకుని ఎదురింటికి వెళ్ళేది. పిన్ని మంచం మీంచి చూస్తూ ఉండేది. ఎలా వెళ్ళగలిగిందో నాకు అర్థం కాలేదు. మళ్ళీ లేచి నిలబడే ఆ హాలు కోసమా, అద్దె కోసమా? రెండూ కావచ్చు.

తర్వాత తాడేపల్లిగూడెం ఆఫీసుకు తాళం పడింది. చెక్కులు వెనక్కి వచ్చాయి. టై ఆయన ఫోను ఎత్తలేదు. లంక మొత్తం కదిలింది.

పెద్దలు కూర్చున్నారు, చేపలు తూచే షెడ్డులో. చెరువులు పోయాక ఆ షెడ్డు ఖాళీగానే ఉండేది. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు, మధ్యలో కాటా పక్కన సిస్టరమ్మ. నన్ను ఆవిడ వెనక నిలబెట్టారు. పిన్నిని కుర్చీతో మోసుకొచ్చారు.

డబ్బు సంగతి తొందరగానే అయిపోయింది. ఆవిడ దగ్గర ఏమీ లేదని అందరికీ తెలుసు. పెద్దాయన పిన్ని కాలు వైపు చూసి అడిగాడు. "డబ్బు పోతే పోయిందండి. బిళ్ళలు మానమని ఈవిడికి చెప్పిందెవరు? మీరా, ఈ పిల్లా?"

పిన్ని నావైపు చూడలేదు. నన్ను అనుమానించే ఆలోచనే ఆమెకు లేదు. చివరికి అన్నాను. "సిస్టరమ్మ చెప్పమన్నట్టే చెప్పానండి. నాకేం తెలుసు?"

సిస్టరమ్మ వెనక్కి తిరగలేదు. వాచీ లేని మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది.

"అవునండి. నేనే చెప్పాను. ఆ అమ్మాయికేం తెలీదు" అంది.

ఆడవాళ్ళలోంచి ఎవరో బిగ్గరగా ఏడ్చారు. తిట్లు మొదలయ్యాయి. ఆవిడ చేతుల మీద పుట్టిన మగాడొకడు, పేగు మెడకేసుకుని వచ్చినవాడే, ముందుకొచ్చి ఆవిడ సంచి లాక్కుని నేల మీద గుమ్మరించాడు. కత్తెర, దూది, బీపీ బిళ్ళలు, చిన్న బైబిలు పడ్డాయి. "ఏవండీ, అది స్టీలు కత్తెరండి, తొక్కకండి" అంది ఆవిడ. ఇక ఆ లంకలో అడుగు పెట్టకూడదని, ఎవరూ పడవ ఎక్కించుకోకూడదని తీర్పు చెప్పారు. ఆ సాయంత్రం దించి రావడానికి మాత్రం ఒక పడవ ఇచ్చారు.

నేను రేవు దాకా వెనకాలే వెళ్ళాను. పడవవాడు తాడు విప్పుతున్నాడు.

"సిస్టరమ్మా, ఎందుకలా చెప్పారు?"

"మీకు ఇక్కడ మనుషులున్నారండి. ఆ కాలు లేని మనిషికి మీరు తప్ప ఎవరున్నారు? ఈ సంగతి తెలిస్తే ఆవిడ ఎవరి చేతి అన్నం తింటుంది?" అంది. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆవిడ నా మణికట్టు పట్టుకోలేదు. "అయినా ఆ వేదిక ఎక్కి నోరు మూసుకుని నిలబడ్డది నేనే కదండీ" అంది.

పడవలో కూర్చున్నాక మళ్ళీ పిలిచింది.

"అమ్మాయిగారూ, ఇక మా ఇంటికి రాకండి. మీ మొహం చూడలేనండి."

అంత మర్యాదగా అంది. తర్వాత ఆవిడ ఏలూరులోనే ఇంకో పేటకు మారిపోయింది. మంచాన పడ్డ ముసలాళ్ళకు స్నానాలు చేయించి బతుకుతోందని వినేదాన్ని. ఒకసారి పాత బస్టాండులో ఎదురుపడ్డాం. నన్ను చూసి, తొందరేమీ పడకుండా, రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. మా లంకలో ప్రతి ఇంటివాళ్ళూ ఆ సబ్బుముక్కలు నీళ్ళలో విసిరేశారని అప్పటికే విన్నాను.

చేపలామె చెప్పిన మర్నాడు సమాధుల తోటకు వెళ్దామనుకున్నాను. వెళ్ళలేదు. రావద్దంది ఇంటికే కదా అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, ఆవిడ ఉద్దేశం అది కాదు.

ఆదివారం లంకకు వెళ్ళాను. పిన్ని మంచం మీద కూర్చుని ఎండురొయ్యల తలలు తీస్తోంది. సిస్టరమ్మ పోయిందని చెప్పాను.

పిన్ని చేతులు ఆగలేదు. "పోయిందా? నా కాలు తీసుకుపోయిన మనిషి. ఇన్నాళ్ళూ ఎలా బతికిందో" అంది. కాసేపాగి, "ఊరందరికీ మంచి చేసిన చెయ్యే అది. నాకు మటుకు ద్రోహం చేసింది. నువ్వే లేకపోతే నేనేమైపోదునే అమ్మడూ" అని, రొయ్యలు చెరిగిన చేటలోంచి పెద్దవి ఏరి నా కోసం విడిగా పెట్టడం మొదలుపెట్టింది.

ఆవిడ లేదు. ఇక చెబితే నేనే చెప్పాలి. మంచం కోడు పట్టుకుని, "పిన్నీ, ఆ బిళ్ళల సంగతి..." అన్నాను.

"వేసుకున్నానే, పొద్దున్నే వేసుకున్నాను" అంది పిన్ని. "నువ్వు చెప్పాక మానతానా?"